పాయింటు కొట్టడం వేరు, పోట్లాట వేరు: యుద్ధకళలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. పోటీల కోసం నేర్పే కరాటే, తైక్వాండో, జూడో లాంటివి నిజంగా అవసరం పడితే పనికొస్తాయా? పోటీల జోలికి పోని పాత పద్ధతులు వీటికంటే మేలా? ఉత్తరాలను కొంత కుదించి, జవాబులతో ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్లు. రెండేళ్లుగా కరాటే నేర్చుకుంటున్నాడు. కుమితే (ఇద్దరు ఎదురెదురుగా తలపడే) పోటీల్లో పతకాలు కూడా తెచ్చాడు. మొన్న స్కూల్లో తోటి పిల్లాడు కాలర్ పట్టుకుని కింద పడేస్తే వీడు చెయ్యి కూడా ఎత్తలేకపోయాడు. కట్టిన ఫీజులన్నీ వృథాయేనా? వేరే మాస్టారి దగ్గరికి మార్చమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వృథా ఏమీ కాలేదండీ. బాబు నేర్చుకున్నది ఒక పని, ఆ రోజు కావాల్సి వచ్చింది ఇంకో పని.

పోటీ కుమితే ఎలా సాగుతుందో ఒకసారి చూడండి. ఎనిమిది మీటర్ల చదరపు మ్యాట్ మీద ఇద్దరూ దాదాపు రెండు మీటర్ల ఎడంలో నిలబడి మొదలుపెడతారు. చేత్తో గుద్దితే 1 పాయింటు, ఒంటి మీద తన్నితే 2, తలకు తన్నితే 3. కింద పడేసి వెంటనే గుద్దినా 3. పాయింటు పడగానే రెఫరీ ‘యామే’ అంటాడు, ఇద్దరూ మళ్లీ మొదటి చోటికి వెళ్లి నిలబడతారు. అందువల్ల ఆటగాడి తెలివంతా ఎడంలోనే ఉంటుంది. ఒక్క అంగలో లోపలికి దూకాలి, తాకించాలి, ఎదుటివాడు తేరుకునేలోపు బయటపడాలి. ఒకరినొకరు పట్టుకుని ఊరికే పెనుగులాడుతుంటే రెఫరీ ఆపేస్తాడు, పట్టుకున్నవాడికి పెనాల్టీ కూడా పడొచ్చు. కాలర్ మీద చెయ్యి పడగానే కుమితే ఆగిపోతుందన్నమాట. బడిలో గొడవ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఎవరైనా పట్టుకుంటే ఆగిపోవడం రెండేళ్లుగా అలవాటైన ఒళ్లు ఆ రోజు కూడా ఆగిపోయింది. దీన్ని పిరికితనం అనకండి.

ఇంకో సంగతి, దెబ్బను అదుపులో పెట్టడం. పిల్లల విభాగాల్లో ముఖానికి గట్టిగా తగిలితే కొట్టినవాడికే శిక్ష. పెద్దల్లోనూ అంతే. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ పురుషుల 75 కిలోల పైబడిన విభాగం ఫైనల్లో సౌదీ ఆటగాడు తారెగ్ హమెదీ 4–1తో ముందున్నాడు. అతను తలకు తన్నిన తన్నుకు ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. దెబ్బ మోతాదు మించిందని హమెదీని అనర్హుణ్ని చేశారు. స్ట్రెచర్ మీద బయటికి వెళ్లినవాడికి స్వర్ణం దక్కింది. బయటివాళ్లకు ఇది వింతగా తోచింది గానీ, నియమం చదివితే వింతేమీ లేదు. గట్టి దెబ్బ కొట్టగలిగి కూడా తాకే చోట ఆపగలవా అన్నదే ఆ ఆట పెట్టే పరీక్ష.

మాస్టారిని మార్చే ముందు ఆయనతో ఒకసారి మాట్లాడండి. క్లాసు చివర పది నిమిషాలు పట్టు విడిపించుకునే సాధన పెట్టమని అడగండి. కాలర్ పట్టుకున్నప్పుడు పిల్లలు మామూలుగా చేసే తప్పు వెనక్కి లాక్కోవడం. లాక్కున్నకొద్దీ ఎదుటివాడి బరువు ముందుకొచ్చి వీళ్ల మీదే పడుతుంది, వెనక్కి కూలబడతారు. దానికి బదులు ముందుగా ఆ చేతిని రెండు చేతులతో తన రొమ్ముకే అదిమి పట్టాలి. మోకాళ్లు వంచి నడుము కిందికి దించాలి. ఆ తర్వాత వెనక్కి కాదు, పక్కకు ఒక అడుగు వేసి ఎదుటివాడి చంక కిందుగా చెయ్యి దూర్చి దగ్గరగా పట్టుకోవాలి. చంక కింద చెయ్యి దూరాక అతను గుద్దడమూ కష్టమే, పడెయ్యడమూ కష్టమే. ఇద్దరు పిల్లలు రెండేసి నిమిషాలు చంకల కింద చేతుల కోసం పోటీపడుతూ తిరిగితే చాలు. కుస్తీ నేర్చేవాళ్లు మొదటి వారంలోనే చేసే పని ఇది. దెబ్బలు ఉండవు కాబట్టి పూర్తి బలంతో చేయొచ్చు.

దీంతోపాటు పడడం నేర్పించమనండి. వెనక్కి పడేటప్పుడు పిల్లలు చెయ్యి వెనక్కి ఆనిస్తారు, మణికట్టు విరిగేది అందుకే. గొంతుక్కూర్చుని మొదలుపెట్టాలి. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద ఉంచి, గాలి వదులుతూ వీపును గుండ్రంగా చేసి దొర్లాలి. రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా చాపి అరచేతులతో నేలను చరచాలి. తల నేలకు తగలకపోతే పాఠం వచ్చినట్టే. అది కుదిరాకే నిలబడి పడడం. పోట్లాటలకంటే సైకిల్ మీంచి పడ్డప్పుడే ఇది ఎక్కువగా అక్కరకొస్తుంది.

మాస్టారు ఇవి తనకు రావని అంటే అది నిజాయతీ. అప్పుడు వారానికి ఒక రోజు జూడోకో కుస్తీకో పంపండి, కరాటే మాన్పించనక్కర్లేదు.

ప్రశ్న: టీవీలో తైక్వాండో చూస్తే ఒంటికాలి మీద గెంతుతూ, రెండో కాలితో గాల్లో తడుముకుంటున్నట్టు ఉంటుంది. పాత వీడియోల్లోని తన్నులు ఎక్కడికి పోయాయి?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: సెన్సర్లు మింగేశాయి. 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి ఛాతీ కవచంలో, 2016 రియో నుంచి తల కవచంలో కూడా ఎలక్ట్రానిక్ లెక్కింపు వచ్చింది. పాదానికి తొడిగే మేజోడులో సెన్సర్లు ఉంటాయి. కవచానికి ఆ మేజోడు తగిన ఒత్తిడితో తగిలితే యంత్రమే పాయింటు వేస్తుంది. అంతకుముందు ‘ధబ్’ మన్న చప్పుడు వినపడి, ఎదుటివాడు కదిలితేనే జడ్జీలు బటన్ నొక్కేవారు. అందుకే తుంటి తిప్పి బలంగా తన్నేవారు. ఇప్పుడు పాదం ముందుగా చేరితే చాలు. ముందుకాలిని మోకాలి దగ్గర ఎత్తి ఉంచి, కత్తిలా వాడుతూ, అవతలి కాలిని తోసేసి తాకించడం లాభసాటి అయింది. పక్షపాతం తగ్గింది, అందం పోయింది. తర్వాత ఊరికే కాలెత్తి అడ్డుపెడితే ‘గామ్‌జోమ్’ అనే పెనాల్టీ వేయడం మొదలుపెట్టారు. గిర్రున తిరిగి తన్నే తన్నులకు ఒంటి మీదైతే 4, తల మీదైతే 5 పాయింట్లు ఇచ్చి కాస్త సరిదిద్దారు.

తలకు గుద్దడం నిషేధం కాబట్టి చేతులు కిందికి వేలాడేసుకుని నిలబడడం తైక్వాండో ఆటగాళ్లలో చూస్తాం. నడుము కింద తన్నకూడదు కాబట్టి తొడ మీద పడే తన్ను వాళ్ల కంటికి ఆనదు. థాయ్‌లాండ్ ముయ్ థాయ్ వాళ్లతో పోటీపడినప్పుడు తైక్వాండో ఆటగాళ్లను కూలదోసేది అదే.

నియమం మారితే లోపమూ మారుతుంది. మసుతత్సు ఒయామా పెట్టిన క్యోకుషిన్ కరాటేలో కవచాలు లేకుండా నిజంగా కొట్టుకుంటారు, తొడల మీద తన్నులు మామూలు. కానీ చేత్తో ముఖం మీద గుద్దకూడదు. దాంతో ఇద్దరూ రొమ్ములు ఆనుకునేంత దగ్గరగా నిలబడి పొట్ట మీద, ఛాతీ మీద గుద్దుకుంటారు. అంత దెబ్బ తట్టుకునేవాడు కూడా మొదటిసారి బాక్సర్ ముందు నిలబడితే ముఖం కాపాడుకోలేక తడబడతాడు.

ప్రశ్న: జూడో కూడా ఆటే, ఒలింపిక్స్‌లో ఉన్నదే. అయినా పోలీసులు, సైనికులు దాన్ని మెచ్చుకుంటారు. ఆటగా మారినా పనితనం మిగిలిందంటే కారణం ఏమిటి?
– పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: జూడో ఆటగా మారింది కాబట్టే పనితనం వచ్చిందని మా అభిప్రాయం మాస్టారూ. వాదన కాస్త తలకిందులుగా అనిపించొచ్చు.

జూడోను రూపొందించిన జిగొరో కానో 1882లో టోక్యోలో కొదొకాన్ అనే తన బడిని మొదలుపెట్టాడు. అంతకుముందే ఆయన జపాన్ పాత పోరు కళ అయిన జుజుత్సులో రెండు పద్ధతులు నేర్చుకున్నాడు. జుజుత్సులో గుద్దడం, తన్నడం, వేళ్లు విరవడం, కీళ్లు తుంచడం అన్నీ ఉండేవి. వాటిని తోడుగా ఉన్నవాడి మీద పూర్తి బలంతో చేయలేరు, చేస్తే రేపటికి తోడు ఉండడు. కాబట్టి చాలా బడుల్లో ముందే అనుకున్న వరసలో, ఎదుటివాడు సహకరిస్తుంటే చేసేవారు. కానో అలాంటి ప్రమాదకరమైన వాటిని కటాలలోకి, అంటే ముందే కుదిర్చిన వరసల్లోకి తోసి, మిగిలిన విసుర్లు, పట్లు, గొంతు నొక్కడాలు, మోచేతి బంధాలను స్వేచ్ఛా సాధనకు, అంటే రందోరికి కేటాయించాడు. రందోరిలో ఎదుటివాడు ఒప్పుకోడు. రోజూ నలుగురైదుగురితో, ఒక్కొక్కరితో ఐదారు నిమిషాలు, పడకూడదని నిజంగా పంతం పట్టినవాళ్లను పడెయ్యాలి. నేర్చుకున్న పట్లు పది తగ్గినా, ఉన్న రెండూ ఎవరి మీదైనా పడతాయి. ప్రమాదకరమైన పది పట్లను ఎన్నడూ నిజంగా వెయ్యనివాడికంటే ఇతనే ప్రమాదకరం.

రందోరిలో పాల్గొనకుండా విసురు నేర్చుకున్నవాడికీ పాల్గొన్నవాడికీ తేడా ఒక్క ఇప్పొన్ సెయోయి విసురులోనే తెలిసిపోతుంది. సహకరించే తోడుతో చేసేటప్పుడు వెనక్కి తిరిగి, వంగి, భుజం మీంచి వేస్తే పడతాడు. పంతం పట్టినవాడైతే మీరు తిరగగానే తుంటి వెనక్కి నెట్టి, బరువు దించేస్తాడు. మీరు అతణ్ని మోస్తూ ముందుకు కూలబడతారు. అసలు పని తిరగడం కాదని అప్పుడు తెలుస్తుంది. తిరిగే ముందు చొక్కా చేతిని పైకి, ముందుకు లాగి అతణ్ని మునివేళ్ల మీదికి తేవాలి. మీ నడుము అతని నడుము కంటే కిందికి వెళ్లాలి. ఈ రెంటిలో ఏది తప్పినా ఎంత బలం ఉన్నా విసురు లేవదు. ఈ తప్పును ఎత్తిచూపేది ఎదురుతిరిగే తోడే, పుస్తకం కాదు.

అయితే ఆట కోరలు కూడా పీకుతుంది. కుస్తీ పద్ధతిలో వంగి కాళ్లు పట్టేవాళ్లు ఎక్కువవడంతో అంతర్జాతీయ సమాఖ్య 2010లో నేరుగా కాళ్లు పట్టడాన్ని, 2013లో చేత్తో నడుము కింద పట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. నిటారుగా నిలబడి విసిరే జూడో మళ్లీ చూడముచ్చటగా వచ్చింది. బదులుగా, ఈ తరం ఆటగాళ్లకు కాళ్ల మీదికి దూకేవాణ్ని ఆపడం రాదు. ఇంకోటి, కింద పడ్డాక బోర్లా ముడుచుకుని తాబేలులా ఉండిపోవడం. జూడోలో అలా కొన్ని సెకన్లు ఓర్చుకుంటే రెఫరీ ‘మాతే’ అని లేపుతాడు. బయట లేపేవాడు ఉండడు, వీపు, తల వెనక భాగం పూర్తిగా ఎదుటివాడి చేతికిచ్చినట్టే.

పోలీసులకు నచ్చేది ఇంకో కారణానికి. గుద్దకుండా మనిషిని అదుపు చేయొచ్చు. తోపులాటలో పట్టు, నిలకడ, పడితే దెబ్బ తగలకుండా పడడం, ఈ మూడూ జూడో ఇచ్చినంత తొందరగా ఇంకోటి ఇవ్వదు.

ప్రశ్న: మా మాస్టారు ‘మనవి ప్రాణాలు తీసే టెక్నిక్స్, పోటీల్లో వాడలేం, అందుకే పోటీలకు వెళ్లం’ అంటారు. స్పారింగ్ (తోడుతో నిజంగా తలపడే సాధన) కూడా పెట్టరు. కళ్లు పొడవడం, గొంతు మీద కొట్టడం, కత్తి లాక్కోవడం నేర్పిస్తారు. ఆటగాళ్ల మీద మాదే పైచేయి అవుతుందా?
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: సగం నిజం. కళ్లలో వేలు, మర్మస్థానం మీద తన్ను, వేళ్లు విరవడం నిజంగానే ప్రమాదం, అందుకే అన్ని ఆటల్లోనూ నిషేధం. మిగతా సగం ఏమిటంటే, కన్ను పొడవాలంటే కదిలే తల మీద రెండంగుళాల చోటును కొట్టాలి. కదిలే తల మీద గుద్దే అలవాటే లేనివాడికి కన్ను దొరుకుతుందా? రోజూ జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు) వేసే బాక్సర్ అదే జాబ్‌లో వేళ్లు చాస్తే చాలు, మీ రహస్యం అతనికి అందినట్టే. అతని జాబ్ మాత్రం మీకు అందదు.

కాబట్టి ‘ఇది ఆటా కాదా’ అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ‘ఎదురుతిరిగే మనిషి మీద ఎప్పుడైనా చేశామా’ అని అడగండి. పోటీలు లేని బడిలోనూ ఇది చేయొచ్చు, మెట్లు మెట్లుగా. మొదట తోడు కదలకుండా ఉంటే పది సార్లు, తీరు కుదరడానికి. తర్వాత అతను సగం బలంతో పట్టు బిగించి, వదలకుండా ఉంటాడు. ఆ తర్వాత ఏ చెయ్యి ఎప్పుడు వస్తుందో చెప్పడు. ఆఖరున, మీరు మొదలుపెట్టిన పట్టు తప్పితే వెంటనే అతను ఎదురు పట్టు వేస్తాడు. చాలా బడులు మొదటి మెట్టు మీదే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. చేయిస్తున్నకొద్దీ నున్నగా, అందంగా వస్తుంది, అక్కడే మోసపోతాం.

కత్తి విషయంలో ఒక్క పరీక్ష చాలు. ఇద్దరూ పాత తెల్ల టీషర్టులు వేసుకోండి. కళ్లకు ప్లాస్టిక్ అద్దాలు తప్పనిసరి. ‘దాడి’ చేసేవాడికి మూత తీసిన ఎర్ర స్కెచ్ పెన్ను ఇవ్వండి. అతనికి చెప్పాల్సింది రెండే మాటలు: ఎడమ చేత్తో చొక్కా పట్టుకో, కుడి చేత్తో కుట్టుమిషన్ సూదిలా ఆపకుండా పొడుస్తూ ఉండు. మీరు నేర్చుకున్న కత్తి పట్టు వెయ్యండి. పది సెకన్ల తర్వాత చొక్కా మీద ఎర్ర గీతలు లెక్కపెట్టుకోండి. క్లాసులో మీ తోడు ఒక్క పోటు పొడిచి, చెయ్యి చాచి అలాగే ఉంచుతాడు. అలా ఉంచినందువల్లే మీ పట్టు కుదురుతోంది. నిజంగా పొడిచేవాడు చేతిని వెనక్కి లాక్కుంటాడు, ఖాళీ చెయ్యి అడ్డం పెడతాడు. ఈ పరీక్ష తర్వాత చాలామందికి పరుగెత్తడం మీద గౌరవం పెరుగుతుంది.

పోటీ లేనంత మాత్రాన కళ చెడ్డది కాదు. జపాన్‌లో ఐకిదో కళను పెట్టిన మొరిహెయి ఉయెషిబా అందులో పోటీలు వద్దన్నాడు. ఆయన శిష్యుడు కెంజి తొమికి, జూడోలోనూ ఆరితేరినవాడు, పోటీ ఉన్న ఐకిదో పెట్టాడు. రెండూ నడుస్తున్నాయి, రెండింటి ఉద్దేశాలూ వేరు. శరీర నిదానం కోసం, ధ్యాస కోసం, ఒక పరంపరను నిలబెట్టడం కోసం నేర్చుకుంటే మీ మాస్టారి దగ్గరే ఉండండి. ‘ప్రాణాలు తీస్తాం’ అన్న మాట మాత్రం స్కెచ్ పెన్ను పరీక్ష అయ్యాక నమ్మండి.

ప్రశ్న: కర్రసాము, కళరిపయట్టు ఏ కోవలోకి వస్తాయి? ఖేలో ఇండియాలో కళరి పెట్టారు కదా, ఇక అది కూడా ఆటేనా?
– సాము నేర్చుకునే యువకుడు, విజయనగరం

జవాబు: హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో కళరిపయట్టు, గట్కా, తాంగ్-తా, మల్లఖంబ్‌లను చేర్చిన మాట నిజమే. పోటీలో పెట్టాలంటే మార్కులు వెయ్యాలి, మార్కులు వెయ్యాలంటే కంటికి కనిపించేదాన్నే లెక్కపెట్టాలి. ఎత్తు గెంతడం, కాలు తలపైకి లేవడం, తిప్పుడు వేగం కనిపిస్తాయి. అదను చూసి అరడుగు పక్కకు తప్పుకోవడం కనిపించదు. చైనా వుషులో ఇదే జరిగింది. ‘తావోలు’ అనే విన్యాసాల పోటీలో గాల్లో తిరిగి దిగే కష్టానికి విడిగా మార్కులుంటాయి, అది జిమ్నాస్టిక్స్ దారి పట్టింది. కొట్టుకునే విభాగాన్ని ‘సాన్‌దా’ పేరుతో వేరు చేశారు. ఒకే కళ రెండు ముక్కలైంది.

ఉత్తర కేరళ కళరిలో నేర్పే వరసే ఆసక్తికరం. మొదట మెయ్‌పయట్టు, ఒంటిని వంచే విన్యాసాలు. తర్వాత కోల్‌తారి, కర్రలు. ఆ తర్వాత అంకతారి, కత్తి, డాలు లాంటి లోహపు ఆయుధాలు. వట్టి చేతుల వెరుంకై చిట్టచివర. ఆయుధం పోగొట్టుకున్న యోధుడి అవసరం అది. కరాటే క్లాసు సరిగ్గా తలకిందులు, వట్టి చేతులతోనే మొదలు.

మన కర్రసాములో పండగ రోజు జనం చప్పట్లు కొట్టేది కర్ర గిరగిరా తిప్పితే. తిప్పడం మణికట్టుకు, భుజానికి, చూపుకు మంచి సాధన, కాదనం. కానీ కర్రతో కొట్టుకోవాలంటే తిప్పుడు ఆపి, కొన దగ్గరి జానెడు భాగంతో కొట్టడం, కొట్టగానే కర్రను మళ్లీ మీకూ అతనికీ మధ్యకు తేవడం రావాలి. మీ గురువుగారిని జోడీ సాధన ఎక్కువ పెట్టమనండి. బెత్తానికి స్పాంజి గొట్టం తొడిగి, తలకు క్రికెట్ హెల్మెట్, చేతులకు బ్యాటింగ్ గ్లోవ్స్ పెట్టుకుంటే ఊళ్లోనే, తక్కువ ఖర్చుతో నిజంగా కొట్టుకోవచ్చు. మొదట దెబ్బలు పడేది వేళ్ల మీదే. తిప్పేటప్పుడు చేతులు ముందుకు తెరిచి పట్టుకోవడమే దానికి కారణం.

ప్రశ్న: నిఖత్ జరీన్‌ను చూసి మా అమ్మాయి బాక్సింగ్ నేర్చుకుంటానంటోంది. ఆత్మరక్షణకు సరిపోతుందా?
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: చాలావరకు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచిన మీ ఊరి అమ్మాయి ఆట చూస్తే, పాదాలు ఎంత పని చేస్తాయో తెలుస్తుంది. దెబ్బ తిన్నా కళ్లు మూసుకోకపోవడం, ఊపిరి బిగపట్టకపోవడం, ఎడం లెక్క, ఇవి బాక్సింగ్ ఇచ్చినట్టు ఇంకోటి ఇవ్వదు. ఆరు నెలల్లోనే తేడా కనిపిస్తుంది.

లోపాలు గ్లోవ్స్ దగ్గరున్నాయి. పోటీలో వాడే 10 ఔన్సుల గ్లోవ్, అంటే సుమారు 280 గ్రాములు, దాని కింద నాలుగున్నర మీటర్ల పట్టీ. ఇంత రక్షణతో నెత్తి మీద గట్టిగా కొట్టినా పిడికిలికి ప్రమాదం బాగా తగ్గుతుంది. వట్టి చేత్తో అదే దెబ్బ నుదుటి మీద పడితే చిటికెన వేలి వెనకుండే అరచేతి ఎముక విరగొచ్చు, దాన్ని డాక్టర్లే బాక్సర్ ఫ్రాక్చర్ అంటారు. కాబట్టి బయట అరచేతి మడమతో (మణికట్టు దగ్గరి గట్టి భాగంతో) కొట్టడం మేలని అమ్మాయికి చెప్పండి. పిడికిలి ఎదుటివాడి పళ్లకు తగిలి చర్మం చీలితే, ఎంత చిన్న గాయమైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నోటిలోని క్రిములు కీలులోకి దిగితే చెయ్యి పాడవుతుంది. గ్లోవ్స్ మధ్య ముఖం దాచుకునే కాపు కూడా వట్టి చేతులతో పనిచేయదు, సందుల్లోంచి దెబ్బలు దూరతాయి. ఇక పట్టుకుంటే ఏం చేయాలో బాక్సింగ్ చెప్పదు, దానికి వారానికి ఒక పూట కుస్తీ.

ప్రశ్న: ఎమ్ఎమ్ఎలో (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, అన్ని కళలూ కలిపిన పోటీ) నియమాలు ఉండవట కదా! అదే అసలైన పోరా?
– ఇంటర్ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఉంటాయి తమ్ముడూ. 1993 నవంబర్‌లో డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ ఎమ్ఎమ్ఎ పోటీ జరిగినప్పుడే కొరకడం, కళ్లు పొడవడం కూడదన్నారు. ఇప్పుడు మర్మస్థానం, తల వెనక, వెన్నెముక మీద కొట్టడం, వేళ్లు విరవడం, కింద పడ్డవాడి తల మీద తన్నడం అన్నీ నిషేధం. బౌట్ ఐదేసి నిమిషాల మూడు రౌండ్లు, టైటిల్ అయితే ఐదు. ఇద్దరూ ఒకే బరువు, రెఫరీ ఉంటాడు, ఎదుటివాడి స్నేహితుడు వెనకనుంచి రాడు, మెత్తటి నేల. నేల మీద పట్లతో సాగే బ్రెజిలియన్ జిజిట్సూ పోటీలో తనంతట తానే వీపు మీద కూర్చుని ఎదుటివాణ్ని కాళ్ల మధ్యకు లాగేవాణ్ని చూస్తాం. అక్కడ అది మంచి ఎత్తు, తారు రోడ్డు మీద పిచ్చి పని. అయినా ఒక్క మాట. గుద్దు, తన్ను, పట్టు, నేల పోరు నాలుగూ ఒకేచోట, ఎదురుతిరిగే మనిషి మీద సాధన చేయించే ఆటలు ఇలాంటివి చాలా తక్కువ.

ప్రశ్న: మా కాలేజీలో ఆడపిల్లలకు మూడు రోజుల ఆత్మరక్షణ శిబిరం పెట్టారు. సరిపోతుందా? ఎదురుకొడితే మా మీదే కేసు అవుతుందా?
– విద్యార్థిని, తిరుపతి

జవాబు: మూడు రోజుల్లో పన్నెండు పట్లు చూపిస్తే నెల తిరక్కుండా అన్నీ మరచిపోతారు. ఒకటి రెండే నేర్పి, వాటినే వంద సార్లు చేయిస్తే కొంత మిగులుతుంది. మణికట్టు పట్టుకుంటే అవతలివాడి బొటనవేలు వైపుగా లాగి విడిపించుకోవడం, అరచేతి మడమతో ముక్కు మీద కొట్టడం, గట్టిగా అరవడం, పరుగెత్తడం. వీటిని మెత్తటి సూట్ వేసుకుని నిజంగా మీదికొచ్చే శిక్షకుడి మీద చేశారా అన్నదే శిబిరానికి మీరు వెయ్యాల్సిన మార్కు. మీదికొస్తుంటే గొంతు పెగలక నిలబడిపోవడం చాలామందికి జరుగుతుంది. అరవడం కూడా సాధన చేయాలి, సిగ్గుపడకండి. ఫోన్లో 112 నొక్కడం అందులో భాగమే.

చట్టం మీ పక్షాన ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. హద్దు ఒకటి ఉంది: రక్షణకు అవసరమైనదాన్ని మించి హాని చేయకూడదు. వాడు పారిపోతున్నా వెంటపడి కొడితే అది రక్షణ కిందికి రాదు. ‘పడ్డాక నాలుగు తన్నండి’ అని నేర్పే శిబిరాలున్నాయి, ఆ మాట వినకండి.

ప్రశ్న: బ్లాక్ బెల్ట్ ఎన్నేళ్లలో రావాలి? మా దగ్గర ఏడాదిన్నరలో ఇస్తామంటున్నారు.
– గృహిణి, మంచిర్యాల

జవాబు: కరాటే, తైక్వాండోల్లో క్రమం తప్పకుండా వస్తే మామూలుగా నాలుగైదేళ్లు. బ్రెజిలియన్ జిజిట్సూలో పదేళ్ల దాకా పడుతుంది, అక్కడ 19 ఏళ్ల లోపు వాళ్లకు నల్ల బెల్టు ఇవ్వరు. ఏడాదిన్నర అంటే బెల్టు టెస్టు ఫీజులే కనిపిస్తున్నాయి. చేరే ముందు ఒక గంట కూర్చుని క్లాసు చూడండి. గంటలో ఎన్ని నిమిషాలు పిల్లలు ఎదురుతిరిగే తోడుతో చేస్తున్నారో గడియారం చూసి లెక్కపెట్టండి. పదిహేను నిమిషాలైనా లేకపోతే బెల్టు ఏ రంగుదైనా ఒకటే.

ప్రశ్న: స్పారింగ్‌లో తలకు దెబ్బ తగిలి మా తమ్ముడు రెండు నిమిషాలు తికమకపడ్డాడు. స్పృహ తప్పలేదు. కోచ్ ‘ఏం కాదు, రేపు రా’ అన్నాడు. పంపొచ్చా?
– ఒక అక్క, విశాఖపట్నం

జవాబు: పంపకండి. స్పృహ తప్పకపోయినా తికమకపడితే మెదడు అదిరినట్టే లెక్క. అదే రోజు మళ్లీ స్పారింగ్ చేయకూడదు, డాక్టరుకు చూపించాలి. పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, మాట తడబడడం, చెయ్యో కాలో బలహీనపడడం, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి. లేకపోతే మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. ఇంట్లో మెల్లగా నడవొచ్చు, ఫోను, టీవీ తగ్గించాలి. ఆ తర్వాత మెట్టు మెట్టుగా: మెల్లటి నడక, పరుగు, తోడు లేకుండా పంచ్‌లు, తన్నులు, తోడుతో దెబ్బలు లేని సాధన. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. తలనొప్పి తిరగబెడితే ఒక మెట్టు వెనక్కి. స్పారింగ్ అన్నిటికంటే చివర, అదీ డాక్టరు సరేనన్నాకే. తల కవచం పెట్టుకుంటే చాలనుకోవద్దు, అది చర్మం చీలకుండా కాపాడుతుంది తప్ప లోపల మెదడు అదరకుండా ఆపలేదు. కోచ్‌కు ఈ వరస రాసి ఇవ్వండి. ఒప్పుకోకపోతే వేరే క్లబ్ చూసుకోండి.